ఎండ రోజు, నీడ రోజు

"తాళం ఇయ్యి మామ్మా."

"ఇయ్యను."

"బూట్లు నావి."

"పెట్టె నాది."

"రెండంటే రెండు రౌండ్లు. బేగెల్లి బేగొచ్చేస్తాను. ఒక్కసారి గట్టిగా పరిగెడితే గానీ నా మనసు కుదుటపడదు."

"నీ మనసు కోసం కాళ్లు అరగ్గొట్టుకుంటావేటి. కూసో. ఈయేళ నీడ రోజు."

"పొద్దున్న బీచ్ రోడ్డు మీద ఆ గుంట ఎలాగెల్లిందో సూసేవా? గాలిలాగెల్లిపోనాది. రేపు దాంతోటే కదా నాకు పోటీ."

"సూసేను. పోటీ రేపైతే ఈయేళే పరిగెట్టేసింది. దాన్ని ఆపడానికి మామ్మ లేదు కాబోలు."

నా మనవరాలు నవ్వలేదు. పదహారేళ్ల పిల్ల, గుమ్మంలో అడ్డంగా నిలబడి నా నడుముకి దోపుకున్న తాళం చెవి వైపే చూస్తోంది. గొంతు తగ్గించి అంది.

"పోయిన నెల నన్ను కొండెక్కించింది నువ్వు కాదేటి? మాస్టారికి సెప్పకని గంగమ్మ మీద ఒట్టేయించుకున్నావు. అప్పుడు నడిస్తే తిట్టేవు. ఇప్పుడు పరిగెడతానంటే పెట్టెకి తాళమేస్తన్నావు. నీకేటి తెలుసని?"

ఆ మాటకి నా దగ్గర జవాబు ఉంది. కాని ఆ జవాబు దొరకడానికి ముందు నేను చేసిన పని మంచిది కాదు. అదేమిటో ముందు చెప్తాను.

మాది సముద్రం ఒడ్డునున్న పేట. కొడుకు హార్బర్ నుంచి బోటు మీద వేటకెళితే పది పదిహేను రోజులకు గాని రాడు. కోడలు తెల్లారకముందే హార్బర్‌కి వెళ్లి వేలంలో చేప పాడుకుని, బుట్ట నెత్తికెత్తుకుని వీధులు తిరుగుతుంది. ఆ బుట్ట నేను నలభై ఏళ్లు మోశాను. మోకాళ్లు మొరాయించాక ఇంటి ముందు ఇసకలో చేపలు ఎండబెట్టి, వన్ టౌన్‌లో దుకాణానికి పంపిస్తున్నాను. చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివినదంతా ఎండు చేపలు చుట్టడానికి తెచ్చిన పాత పేపర్లే.

మనవరాలికి పరుగు ఎలా అబ్బిందో నాకు తెలుసు. బుట్ట నెత్తి మీద ఉన్న ఆడది నడవదు. కాళ్లు దగ్గర దగ్గరగా వేస్తూ పరుగు లాంటి నడక ఒకటి నడుస్తుంది. ఎండ పెరిగేలోపు చేప అమ్ముడు కావాలి, అందుకు. చిన్నప్పుడు ఆ పిల్ల నా వెనకాల అలాగే వచ్చేది. స్కూల్లో పరుగు పందేలన్నీ గెలిచింది. పోర్టులో ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పిల్లలకి పరుగు నేర్పే మాస్టారొకాయన చూసి, "ఈ పిల్లని నాకొదిలెయ్యి మామ్మా" అన్నాడు. మూడు వేల మీటర్ల పరుగులో పెట్టాడు. జిల్లా ఎంపికలో మొదటి ఇద్దరిలో వస్తే జట్టులో చోటు. జట్టులో చోటు దొరికితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. అక్కడే చదువు, తిండి, పరుగు. ఆ సీటుకి వయసు దాటిపోకుండా మిగిలింది ఈ ఒక్క ఏడాదే. రాకపోతే బుట్ట. బుట్ట తప్పుడు పనేమీ కాదు, నేను సిగ్గుపడి మోయలేదు. కాని ఆ పిల్ల కాళ్లు బుట్ట కింద పెట్టడానికి ఇచ్చినవి కావని నాకు గట్టి నమ్మకం.

అంత నమ్మకం ఉన్నదాన్ని కాబట్టే ఒకరోజు పొద్దున్న చూడ్డానికి వెళ్లాను. బుధవారం. బండ్లు తిరగని వేళ, రోడ్డంతా నడిచేవాళ్లూ పరిగెత్తేవాళ్లే. నేనొక బల్ల మీద కూర్చున్నాను. నా మనవరాలు ఇంకో ఇద్దరు పిల్లలతో కబుర్లు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ, ఈడ్చుకుంటూ వస్తోంది. లుంగీ మడిచి కట్టుకుని వేపపుల్ల నములుతున్న ముసలాయన ఒకడు వాళ్లని దాటి ముందుకెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏటి మాస్టారూ, ఇది పరుగా, పెళ్లి ఊరేగింపా?" అన్నాను.

"తేలిక పరుగు మామ్మా. నిన్న గట్టిగా పరిగెట్టేరు కదా."

"తేలికైతే ఇంటికాడ తొంగుంటాది. గుడ్డూ పాలూ ఎట్టి పెంచుతన్నది కబుర్లకేటి?"

"బలం పరిగెట్టినప్పుడు రాదు మామ్మా. పరిగెట్టినాక ఒళ్లు సర్దుకుంటది సూడు, అప్పుడొస్తది. వారానికి రెండ్రోజులు గట్టిగా. ఆదివారం దూరం, కానీ నెమ్మదిగా. ఒకరోజు ఖాళీ. మిగతా రోజులన్నీ మాటలాడుకుంటా ఎల్లాలి. లేత ఎముకలివి. ఇప్పుడే పిండేస్తే రేపటికేటీ మిగలదు."

"దీని వయసులో నాను రోజూ పరిగెట్టేను. నెత్తి మీద బుట్టతోటి. నన్నెవరు పిండేసేరు?"

ఆయన తల గోక్కుని, "నీతో నెగ్గలేను మామ్మా" అంటూ వెళ్లిపోయాడు. నెగ్గాననుకున్నాను.

ఇంటికొచ్చాక రెండు పనులు చేశాను. ఒకటి, తేలిక పరుగు రోజున గుడ్డు సగమే పెట్టడం. సగం పరుక్కి సగం గుడ్డు. రెండోది, సాయంత్రం నాలుగింటికి పిల్లని వెంటబెట్టుకుని కైలాసగిరి కొండ రోడ్డుకి తీసుకెళ్లడం. నేను కింద రాయి మీద కూర్చుంటాను, ఆమె పైకి పరిగెత్తి రావాలి. మూడుసార్లు. బుధవారం, గురువారం, శనివారం, ఆయన తేలిక అన్న ప్రతి రోజూ. మాస్టారితో చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నాను.

మొదటి వారం పిల్ల నిజంగానే వేగం పెంచింది. మాస్టారు చేతిలో వాచీని రెండుసార్లు చూసుకున్నాడట. ఆ సాయంత్రం నేను నాలుగోసారి కూడా ఎక్కించాను.

రెండో వారం అన్నం తగ్గింది. పొద్దున్నే నాకంటే ముందు లేచే పిల్లని పిలిచి పిలిచి లేపాల్సొచ్చింది. మాట అడిగితే కసురుకునేది. మూడో వారం శుక్రవారం గ్రౌండులో గట్టి పరుగు మధ్యలో ఆగి, పక్కకొచ్చి గడ్డి మీద కూర్చుండిపోయిందట. మాస్టారు ఏం తిన్నావు, ఎంత పడుకున్నావు, ఇంకెక్కడైనా పరిగెడుతున్నావా అని అన్నీ అడిగాడట. పిల్ల నోరు విప్పలేదు. ఒట్టు నాది కదా.

ఆ రోజే వన్ టౌన్ దుకాణం నుంచి నా మూట తిరిగొచ్చింది.

పెద్ద చేప ఎండబెట్టడంలో ఒక పద్ధతుంది. నెత్తళ్లలాంటి చిన్న చేపైతే ఇసకలో చల్లేస్తే ఒక ఎండకే అయిపోతుంది. కోనాం లాంటి మందం చేప అలా కాదు. చీల్చి, ఉప్పు పట్టించి, కడిగి, పొద్దుటి ఎండలో పరుస్తాం. ఎండ చురుక్కుమనే వేళకి తీసి, పాక నీడలో ఒకదాని మీద ఒకటి పేర్చి, గోనె కప్పి, పైన రాయి పెడతాం. ఆ నీడలో కండ లోపలి నీరు పైకొస్తుంది. చెయ్యి పెడితే తడి తగులుతుంది. ఎండ చల్లబడ్డాక మళ్లీ పరుస్తాం, ఆ తడి ఆరిపోతుంది. రోజూ ఇలాగే. తొందరపడి మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేస్తే పైచర్మం చెక్కలా బిగుసుకుపోతుంది, లోపలి నీరు బయటికి రాదు. పైకి మాత్రం బ్రహ్మాండంగా ఎండినట్టుంటుంది.

ఇది నాకు మా అమ్మ నేర్పింది. నేను నా కోడలికి నేర్పాను. అలాంటి నేనే ఆ మూడు వారాలూ ఏం చేశానంటే, నాలుగింటికి కొండ దగ్గరికి వెళ్లాలి, మళ్లీ పరచడానికి మనిషి ఉండదు, అని నీడలో పేర్చడమే మానేశాను. పొద్దున్న పరిచింది వెళ్లేముందు ఎత్తేదాన్ని. నాలుగు రోజుల సరుకు రెండు రోజుల్లో గట్టిపడుతుంటే, ఇన్నేళ్లూ ఎందుకింత శ్రమ పడ్డానా అని కూడా అనుకున్నాను.

దుకాణంవాడు ముప్పై ఏళ్లుగా నా మూట విప్పి చూడకుండా దించుకునేవాడు. ఆటో అబ్బాయి మూట దించి, ఆయన మాట చెప్పాడు. "పైన రాయి, లోపల రొచ్చు. ఏటయిందప్పా నీకు, అని అడగమన్నాడు."

గుమ్మంలో కూర్చుని ఒక కోనాం తీసి కత్తితో చీల్చాను. పైన కత్తి దిగలేదు. దిగాక లోపల పచ్చి. వాసన కొట్టింది. ఇంకొకటి చీల్చాను. అదీ అంతే. అప్పుడే మనవరాలు గ్రౌండు నుంచి వచ్చి మెట్టు మీద కూలబడి బూటు తాడు విప్పుకుంటోంది. మేజోడు కిందికి లాగి మోకాలి కిందున్న ఎముక మీద వేళ్లతో రాసుకుంటోంది.

"ఏదీ, ఇటెట్టు" అన్నాను.

పిక్క పట్టుకున్నాను. చెక్కలా ఉంది. ఎముక మీద బొటనవేలితో నొక్కాను. పిల్ల కేక వెయ్యలేదు, పెదవి కొరుక్కుంది. కళ్లల్లో నీళ్లొచ్చాయి.

నా ఒక చేతికి చేప వాసన, రెండో చేతిలో పిల్ల కాలు. ఎవరూ నాకేమీ చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున్న మాస్టారు వచ్చేలోపే ఆ బల్ల దగ్గర ఉన్నాను.

"మాస్టారూ, తప్పు నాది. మా గుంటనేటీ అనకు. సాయంత్రాలు కొండెక్కించేను. మూడు వారాలు. కాలెముక నొక్కితే దానికి కళ్లనీళ్లొస్తన్నాయి."

ఆయన నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

"ఎముక ఇరిగుండదులే," అన్నాడు. "డాక్టరుకి సూపిద్దాం. పది రోజులు పరుగు లేదు, నడకే. తరవాత నెమ్మదిగా మొదలెడదాం."

"పోటీకి ఐదు వారాలే ఉంది."

"ఉన్నది సాల్తది మామ్మా. నువ్వు మళ్లీ కొండకి తీసుకెల్లకపోతే."

అప్పుడు చేప సంగతి చెప్పాను. ఎండ, నీడ, గోనె, రాయి, లోపలి నీరు. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "ఇన్నేళ్ల నుంచి పిల్లలకీ, తల్లులకీ, తండ్రులకీ సెప్పలేక సస్తన్నాను. నువ్వు ఒక్క సేపతోటి సెప్పేసేవు" అన్నాడు. మర్నాడు పాడైన కోనాం ఒకటి, బాగా ఎండిన కోనాం ఒకటి తెప్పించి, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి నా చేత చీల్పించాడు. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. ఆ రోజు నుంచి వాళ్ల నోట గట్టి పరుగు ఎండ రోజు, తేలిక పరుగు నీడ రోజు అయిపోయాయి.

డాక్టరు ఫోటో తీయించి ఎముక బాగానే ఉందన్నాడు. పది రోజులు పిల్ల నడిచింది. పదకొండో రోజు నుంచి నీడ పరుగు. ఆ నీడకి కాపలా నేను.

నీడ పరుగంటే మాట తెగకుండా చెప్పగలిగే పరుగని మాస్టారు అన్నాడు. అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది? నేను బల్ల మీద కూర్చుని, పిల్ల నా ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఒక ప్రశ్న వేసేదాన్ని.

"సింతపండు జాడీ ఎక్కడెట్టేవే?"

"పై గూట్లో, ఉప్పు జాడీ ఎనకాల, మూత గట్టిగానే ఎట్టేను, తిట్టకు."

ఒక్క ఊపిరిలో వస్తే సరే. మధ్యలో రొప్పు వినిపిస్తే చెయ్యి కిందికి ఊపేదాన్ని, తగ్గమని. మిగతా పిల్లల్ని కూడా వదల్లేదు. మీ అమ్మ పొద్దున్న ఏం వండింది, మీ తాత మందులేసుకున్నాడా అని అందర్నీ అడిగేదాన్ని. ఆ లుంగీ ముసలాయన ఒకరోజు ఆగి, "అందరి ఇళ్ల సంగతులూ నీకే కావాలేటి" అన్నాడు. "నువ్వు నెమ్మదిగెల్లు, నీకు రొప్పొస్తంది" అన్నాను.

నీడ రోజున కూడా గుడ్డు మొత్తం పెట్టాను. మనవరాలు గుడ్డు వంకా, నా వంకా మార్చి మార్చి చూసింది. మొత్తం తినేసింది.

నాలుగో వారానికి కాళ్లు మెత్తబడ్డాయి. పిల్ల మళ్లీ నాకంటే ముందు లేవడం మొదలుపెట్టింది. అప్పుడు మాస్టారు ఎండ రోజుల్ని తిరిగి తెచ్చాడు. వారానికి రెండే. గ్రౌండులో రెండున్నర రౌండ్లు గట్టిగా, కాసేపు నడక, మళ్లీ రెండున్నర. ఐదుసార్లు. నేను గోడ పక్కన నిలబడేదాన్ని. ఒకసారి మూడోది అయ్యాక కడుపు నొప్పని నా దగ్గరికొచ్చి నిలబడింది. నొప్పి ముఖం నాకు తెలుసు, ఇది ఆ ముఖం కాదు.

"నీడ రోజు నీడలో ఉంచేను కదా. ఎండ రోజు ఎండలో ఉండు. ఎల్లు" అన్నాను.

వెళ్లింది. ఐదోది అన్నింటికంటే వేగంగా వచ్చింది. మాస్టారు వాచీ తెచ్చి నా కళ్ల ముందు పెట్టాడు. ఆ అంకెలు నాకు అర్థం కావు. ఆయన ముఖం అర్థమైంది.

ఇదీ జరిగింది. పోటీకి ముందు రోజు గుమ్మంలో నిలబడి "నీకేటి తెలుసని" అని ఆ పిల్ల అడిగితే, నేను చెప్పిన జవాబు ఇది.

"తెలీకే కొండెక్కించేను. తెలిసినాకే తాళమేసేను."

పిల్ల గుమ్మంలోంచి కదలలేదు. కాళ్లు ఊరుకోవడం లేదు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. అప్పటికి ఎండ చురుక్కుమంటోంది.

"సెయ్యి సాయమియ్యి" అన్నాను.

ఇద్దరం కోనాములు ఎత్తి పాకలోకి తెచ్చాం. ఆమె పేర్చింది, నేను అందించాను. గోనె కప్పింది. రాయి నేను ఎత్తబోతే లాక్కుని తనే పెట్టింది. నేను వంటింట్లో పనిలో పడ్డాను. తిరిగొచ్చి చూస్తే పాకలోనే కూర్చుని ఉంది. గోనె కిందికి చెయ్యి పోనిచ్చి ఉంచింది.

"నీళ్లు పైకొచ్చేసినాయి మామ్మా" అంది.

"ఒస్తాయి. ఒగ్గేస్తే అయ్యే ఒస్తాయి."

చెయ్యి గోనెకి తుడుచుకుంది. ఎండ చల్లబడ్డాక కోనాములు పరిచి, చీకటి పడేవేళకి మళ్లీ తనే పేర్చి రాయి పెట్టింది. అన్నం రెండుసార్లు పెట్టించుకుంది. తాళం మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న పెట్టె తెరిచి బూట్లు నా చేతులతో ఇచ్చాను. కోడలు ఆ ఒక్కరోజుకీ హార్బర్ మానేసింది. ముగ్గురం ఆటోలో గ్రౌండుకి వెళ్లాం. ఎండ ఇంకా ముదరలేదు. మూడు వేల మీటర్లంటే ఏడున్నర రౌండ్లు. పద్నాలుగు మంది పిల్లలు గీత మీద నిలబడ్డారు.

ఈల ఊదగానే ఆ గాలిలాంటి పిల్ల ముందుకెళ్లిపోయింది. రెండో రౌండుకే చాలా దూరం తీసేసింది. నా మనవరాలు ఐదో స్థానంలో ఉంది. ముఖంలో కంగారు లేదు, చేతులు బిగించలేదు. నా పక్కనున్న ఆవిడెవరో "అయ్యో, మీ పిల్ల ఎనకబడిపోనాది" అంది. కోడలు నా చెయ్యి పట్టుకుంది.

నాలుగో రౌండులో ఒకర్ని దాటింది. ఐదో రౌండులో ఇద్దర్ని. ముందున్న పిల్ల భుజాలు పైకి లేచిపోయాయి, తల పక్కకి వాలుతోంది. ఇద్దరి మధ్య దూరం తగ్గుతోంది గాని ఇంకా చాలానే ఉంది. ఆరో రౌండులో నా మనవరాలు నేనున్న వైపుకి వచ్చింది. రోజూ బల్ల మీద కూర్చుని అడిగే అలవాటు కదా, నోట్లోంచి వచ్చేసింది.

"కోనాములెక్కడెట్టేవే?"

తల తిప్పకుండానే జవాబిచ్చింది.

"పాకలో, గోనె కింద, రాయెట్టేను."

మాట తెగలేదు. ఆవిడ వైపు తిరిగి, "ఇప్పుడు సూడు" అన్నాను.

చివరి రౌండు గంట కొట్టారు. మలుపు దగ్గర నా మనవరాలు చేతులు ఊపడం మార్చింది. ఎండ రోజుల్లో ఆ ఐదో పరుగు ఎలా పరిగెత్తేదో అలా పరిగెత్తింది. అటువైపు మలుపులో ఆ పిల్లని పట్టేసింది, దాటేసింది. గీత దాటేసరికి ఇద్దరి మధ్యా ఒక పడవ పొడవంత ఖాళీ ఉంది.

ఆ పిల్ల రెండోది వచ్చింది. ఇద్దరికీ జట్టులో చోటు దొరికింది. గడ్డి మీద పడి రొప్పుతున్న ఆ పిల్లకి నా మనవరాలు చెయ్యిచ్చి లేపింది. "రేపు మా బీచ్ రోడ్డుకి రా. నెమ్మదిగా ఎల్దాం. మా మామ్మ ప్రశ్నలేస్తది, జవాబులు నేర్చుకుని రా" అంది.

మాస్టారు కాగితం తెచ్చాడు. ఇంటి పెద్ద సంతకం కావాలన్నాడు. కొడుకు వేటలో ఉన్నాడు. కోడలు నా వైపు చూసింది. కాగితాన్ని గోడకి ఆనించి, నా పేరు ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాశాను. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.

ఇంటికొచ్చి, ఎండ చల్లబడ్డాక గోనె తీసి, కోనాములు పరిచాం. మనవరాలు బూట్లు తుడిచి ట్రంకు పెట్టెలో పెట్టింది. పెట్టెకి తాళం వెయ్యలేదు. తాళం చెవి నడుము నుంచి తీసి గోడకున్న మేకుకి తగిలించాను.